మోకాళ్లు చల్లబడాల

మామ పోయాడు.

దసరా ఇంకా పక్షం రోజులుందనగా, ఆళ్లగడ్డలో మా విత్తనాల అంగట్లో శనగల మూటలు దించుకుంటుంటే ఆయన పెద్ద కొడుకు నంద్యాల నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, నాయన తెల్లారి నమాజుకు లేయలేదు" అన్నాడు. ఆ పైన ఏం చెప్పాడో నాకు సరిగ్గా వినపడలేదు. లారీ డ్రైవరు హారన్ కొడుతున్నాడు, హమాలీలు ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. అంగడి వెనకే మా ఇల్లు. లోపలికి వెళ్లి అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట పక్కన పెట్టి, "అన్న పోయినాడా" అంది. కొంగుతో చేతులు తుడుచుకుంది. తర్వాత, "అయితే ఈ తూరి కారుకు ఎవరొస్తారు పాపా?" అని అడిగింది.

బయటివాళ్లు ఎవరైనా వింటే, మనిషి పోయాడంటే ఈమె కారు గురించి అడుగుతోందేమిటి అనుకుంటారు. ఆ మాట వెనక చాలా ఏళ్లున్నాయి. అవి చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు. నంద్యాలలో రైసు మిల్లుల వెనక సందులో ఒక రేకుల షెడ్డు పెట్టుకుని ముందు ఫ్రిజ్‌లు, తర్వాత కార్ల ఏసీలు బాగుచేసిన మెకానిక్కు. ఊరంతా గ్యాసు సాయిబు అనేవాళ్లు. ఆ పేరు ఆయనకు గిట్టేది కాదు. "గ్యాసు పట్టేది ఎవుడైనా పడతాడప్పా. ఉన్న గ్యాసు యాడికి పోయిందో సెప్పేటోడు గదా మెకానిక్కు" అని కసురుకునేవాడు. అమ్మ ఆయన్ని అన్నా అని పిలిచేది కాబట్టి నాకు మామ అయ్యాడు. పిలుపుతో మొదలైన చుట్టరికం చివరికి నెత్తురు చుట్టాల కంటే గట్టిగా నిలబడింది.

ఆ అన్నా అనే పిలుపు ఎలా వచ్చిందో చెబితే మీకు నవ్వొస్తుంది. తొంభైల మొదట్లో మా ఇంటికి ఫ్రిజ్ వచ్చింది. మా వీధిలో అదే మొదటిది. ఒక ఎండాకాలం తిరగకముందే అది చల్లగా చేయడం మానేసింది. నాయన నంద్యాల పోయి బస్సులో ఈయన్ని పిలుచుకొచ్చాడు. ఈయన వచ్చి సంచీ కూడా విప్పలేదు. ఫ్రిజ్‌ను గోడ దగ్గర నుంచి ముందుకు లాగి వెనక్కి తొంగి చూశాడు. అక్కడ వెచ్చగా ఉండే నల్ల జాలీ మీద అమ్మ రవికలు, నా లంగాలు వరసగా ఆరేసి ఉన్నాయి. వానాకాలంలో బాగా ఆరుతున్నాయని అమ్మ అలవాటు చేసుకుంది, ఎండాకాలంలో కూడా మానలేదు. నాయన, ఇద్దరు పక్కింటివాళ్లు చూస్తుండగానే ఈయన, "ఏందమ్మా ఇది, దానికి ఊపిరాడే తావులో బట్టలు ఆరేసినావు. నీ మూతి మీద తడిగుడ్డ కప్పితే నువ్వు బతుకుతావా?" అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మ ముఖం ఎర్రగా చేసుకుని లోపలికి పోయి, మజ్జిగ తెచ్చి ఇచ్చి, "తాగన్నా. ముందే చెప్పేటోళ్లు ఎవురూ లేకపాయె" అంది. ఆ రోజు నుంచి ఆయన అన్న.

ఇది ఎందుకు చెప్పానంటే, మామ మొహమాటం తెలిసిన మనిషి కాదని తెలియడానికి. బండి దగ్గర ఆయన నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. ఏసీ చల్లగా రావడం లేదని పెద్దమనిషి ఎవరైనా తెల్లచొక్కా వేసుకుని దిగితే, "రాదు సామీ, నీ డ్రైవరు మద్దేనం ఇంజను ఆన్ చేసుకుని దాంట్లోనే పండుకుంటాండాడు" అని డ్రైవరు ముందే చెప్పేసేవాడు. ఆ డ్రైవరు ఆ తర్వాత ఏ కళ్లతో ఆయన్ని చూసేవాడో మీరే ఊహించుకోండి. నేను ఒకసారి, అంత కఠినంగా ఎందుకు మామా అంటే, "బండికాడ అబద్దం ఆడగూడదు పాపా. మనిషయితే ఒప్పుకుంటాడు, బండి ఒప్పుకోదు. మల్లా రేపు ఈడికే వస్తాది" అన్నాడు.

ఆయన షెడ్డు నంద్యాలలోకెల్లా వేడిగా ఉండే చోటు. పైన రేకులు, పక్కన మిల్లు గోడ. మిల్లు తిరిగితే ఊక పొట్టు సన్నగా రాలుతూ టీ గ్లాసులో పడేది. ఊరందరికీ చల్లగాలి సరిచేసి ఇచ్చే మనిషి చొక్కా మాత్రం ఎప్పుడూ వీపుకు అంటుకునే ఉండేది. ఫ్యాను పెట్టుకో మామా అంటే, ఫ్యాను శబ్దంలో కంప్రెసరు మాట వినపడదనేవాడు. టీ సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు. చేతులకు నూనె మరకలు ఉన్నా గోళ్లు మాత్రం శుభ్రంగా ఉండేవి. జేబులో ఎప్పుడూ పిల్లలు వాడే పెన్సిలు రబ్బరు ఒకటి ఉండేది. వైర్ల కొనల్లో చిలుము పడితే ఆ రబ్బరును సన్నగా కోసి, ఓపిగ్గా రుద్దేవాడు. దానికి పండ్ల వాసన వచ్చేది. ఇప్పటికీ బడి పిల్లల పెన్సిలు డబ్బా తెరిస్తే నాకు మామ గుర్తొస్తాడు.

పని అయిపోయిందని ఆయన ఎలా తేల్చేవాడో చెప్పాలి. మిగతావాళ్లు గాలి వచ్చే చోట చెయ్యి పెట్టి, బాగుంది తీసుకుపో అనేవాళ్లు. మామ అలా కాదు. బండి యజమానిని నడపమని, తాను పక్కన కూర్చుని, అద్దాలు ఎత్తి, నంద్యాల దాటించేవాడు. గాలి వచ్చే చోట అరచెయ్యి ఆనించి, పిల్లల నుదురు మీద జ్వరం చూసినట్టు చూసేవాడు. చాలా దూరం పోయాక తన మోకాళ్ల మీద చేతులు వేసుకుని, "ఆ, ఇప్పుడు సల్లబడినాయి. తిప్పు" అనేవాడు. "మొకానికి గాలి తగిలితే ఎవునికైనా బాగనే ఉంటాది. మోకాళ్లు చల్లబడాల, అప్పుడు ఏసీ పంజేస్తాన్నట్టు" అని ఆయన లెక్క.

మా నాయన కారు కొన్నది తొంభైల చివర్లో. ఆయన కోరికలు ఎక్కువ లేని మనిషి. అంగడి, ఇల్లు, పొద్దున పేపరు. ఏసీ కారు ఒక్కటే ఆయన ముచ్చట. ఎండలో పల్లెలు తిరిగి తిరిగి నల్లబడిపోయిన మనిషికి చల్లగా కూర్చుని నంద్యాల పోవాలని ఉండేది. కారు వచ్చిన ఏడు ఆయుధ పూజకు ఆయనే కడిగాడు, అమ్మ బొట్లు పెట్టింది. అమ్మ బొట్టు పెట్టడంలో పిసినారి కాదు. చక్రాలకు, దీపాలకు, స్టీరింగుకు అయ్యాక, బానెట్ ఎత్తించి లోపల ముఖ్యంగా కనపడిన ప్రతిదానికీ పసుపు మెత్తి కుంకుమ అద్దింది. ముందువైపు సన్నటి పైపు మీద చిన్న ఇత్తడి ముక్క ఒకటి నెత్తిన నల్ల టోపీ పెట్టుకుని నిలబడి ఉంటుంది. "ఇదెవురో చిన్న దేవుని మాదిరి ఉండాడే" అని దానికి ఒక బొట్టు ఎక్కువే పెట్టింది. నాయన పక్కన నిలబడి నవ్వుతూ చూశాడు.

ఆ చలికాలంలో నాయన పోయాడు. గుండెపోటు. కారుతో ఆయన ముచ్చట పూర్తిగా తీరనే లేదు.

అంగడి నా మీద పడింది. కారు నడపడం నేర్చుకున్నాను. ఆళ్లగడ్డలో ఆడపిల్ల కారు నడిపితే చూడటానికి జనం అంగళ్ల ముందుకు వచ్చి నిలబడేవాళ్లు. నేను హారన్ గట్టిగా కొట్టుకుంటూ పోయేదాన్ని. ఏటిసూతకం తీరాక వచ్చిన దసరాకు నేను కారు కడిగి పెట్టాను. అమ్మ బొట్టు లేక బోసిపోయిన నుదురుతో, పసుపు గిన్నె కుంకుమ భరిణె పట్టుకుని బయటికి వచ్చింది. మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, అడ్డం వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. నాయన పోయాక మా మంచిచెడ్డలు చూసుకున్నది ఆయనే. కానీ పట్టింపులు ఎక్కువ. "వదినా, నువ్వు పెట్టగూడదు. పాప పెడతాదిలే" అన్నాడు. అమ్మ ఎప్పుడూ ఆయనకు ఎదురు చెప్పింది లేదు. ఆ రోజు మాత్రం, "మీ అన్న కారుకు బొట్టు పెట్టేది నేనే" అని పక్కకు తప్పుకుని పోయి పెట్టింది. ఏడాదికి ఒక్క రోజు అమ్మ వేలికి కుంకుమ అంటేది. అది నాయన కారు కోసం. నాకు ఆ పొద్దు అమ్మను చూస్తే గర్వంగానూ ఉంది, ఏడుపూ వచ్చింది.

మరుసటి ఎండాకాలం ఏసీ ఆగిపోయింది. పూర్తిగా ఆగినా బాగుండేది. నంద్యాల దారిలో శిరివెళ్ల దాటేదాకా చల్లగా వచ్చేది, తర్వాత ఉన్నట్టుండి వేడిగాలి కొట్టేది. ఇంకోసారి ఇంటి ముందే ఆగేది, నంద్యాల చేరాక దానంతట అదే వచ్చేది. అప్పుడు మామ కూతురి కాన్పు కోసం ఊరికి పోయి ఉన్నాడు. చిన్నాయన తనకు తెలిసిన మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయాడు. అతను గ్యాసు పట్టాడు. వారం తిరగకముందే మళ్లీ అదే కథ. ఇంకొకడు మళ్లీ గ్యాసు పట్టి, కంప్రెసరు మార్చాలన్నాడు. చిన్నాయనకు విసుగొచ్చింది. "ఈ బండి మనకు అచ్చిరాలేదు. కొన్న ఏడాదే అన్న పాయె. ఇప్పుడు ఇదీ పోతాంది. ఎవురి చెయ్యి పడినాక పోతాందో నేను చెప్పను" అనేవాడు. చెప్పను అంటూనే వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. కడప రోడ్డు వైపు ఒకాయన్ని చూసి, కారు అమ్మేయడానికి మాట కూడా అనుకున్నాడు. ఒకరోజు చూస్తే అమ్మ మా ఇంటి కారు షెడ్డులో కారు పక్కన నిలబడి, దాన్ని తాకకుండా, చేతులు వెనక్కి కట్టుకుని చూస్తోంది.

మామ తిరిగొచ్చాడని తెలియగానే కారు నంద్యాలకు తోలాను. అమ్మ వస్తానంది. ఆ బండి పని అయిపోయిందని మెకానిక్కు నోటితోనే వినిపించాలని చిన్నాయన కూడా ఎక్కాడు. ఆ రోజు షెడ్డులో మేం ముగ్గురం, మామ. అంతే.

మామ ముందు నన్ను అడగడం మొదలుపెట్టాడు. ఎప్పుడు ఆగుతాంది, గతుకుల్లోనా, ఎండలోనా, బండి కడిగినాకనా. నేను చెబుతుంటే మధ్యలో చిన్నాయన ఉండబట్టలేక అన్నాడు. "ఏం అడుగుతావులే సాయిబూ. మొగుడు పోయినామె పసుపు కుంకుమ పెడితే బండికి అచ్చొస్తాదా? నేను ఎన్నిసార్లు జెప్పినా ఇనలేదు." అమ్మ షెడ్డు గుంజ పట్టుకుని నేల చూస్తోంది. మామ చిన్నాయన వైపు ఒకసారి చూశాడు, అమ్మ వైపు ఒకసారి చూశాడు. ఎర్ర పైపు, నీలం పైపు ఉన్న, గ్యాసు కొలిచే గేజీలు తెచ్చి తగిలించాడు.

"గ్యాసు నిండుగ ఉంది" అన్నాడు. "అయినా కంప్రెసరు తిరగతాలేదు. గేజీ ఒగటి చెప్తాంది, బండి ఇంగొకటి అనుకుంటాంది. మద్దెలో ఎవురో తప్పు కబురు మోస్తాండారు."

అప్పుడు అమ్మ దేవుడనుకున్న ఆ ఇత్తడి ముక్క దగ్గరికి వంగాడు. దాన్ని గురించి నాకు ఎప్పుడో చెప్పి ఉన్నాడు. అది ప్రెషరు సెన్సారు. పైపులో గ్యాసు ఎంత గట్టిగా తోస్తోందో చూసి బండి బుర్రకు చెబుతుంది. ఎక్కువైతే కంప్రెసరును ఆపమంటుంది, గ్యాసు లేకపోతే తిప్పొద్దంటుంది. దాని మాట మీదే ఏసీ నడుస్తుంది. ఒకసారి ఒక మిల్లు ఆసామి కారుకు, ఏసీ ఆగుతోందని ఎవరో మంచి సెన్సారును పీకి కొత్తది వేశారు. మామ చూస్తే బండి ముందు గాలి దూరే జల్లెడ నిండా ఊక పొట్టు కూరుకుపోయి నిజంగానే ప్రెషరు పెరుగుతోంది. "పాపం ఇది నిజం చెప్తాంటే దీన్నే పీకి పారేసినారు" అని ఆ పాత సెన్సారును చేతిలో పట్టుకుని ఎంత బాధపడ్డాడో.

మా కారుకు అలా లేదు. జల్లెడ శుభ్రంగా ఉంది. మామ ఆ నల్ల టోపీని, అంటే వైర్లు వచ్చి తగులుకునే ప్లగ్గును, రెండు వేళ్లతో మెల్లగా కదిలించాడు. టక్ మని కంప్రెసరు పట్టుకుంది. చెయ్యి తీశాడు. ఆగిపోయింది. మళ్లీ కదిలించాడు, మళ్లీ టక్. "దొరికినాడు" అన్నాడు. ప్లగ్గు పట్టుకునే కొక్కెం విరిగి ఉంది, లోపలికి నీళ్లు పోకుండా ఉండే రబ్బరు చుట్టు లేదు. దసరాకు ముందే సర్వీసు చేసినవాళ్లెవరో పోగొట్టారు. ప్లగ్గు ఊడదీసి లోపలికి చూశాడు. నేను ఆయన భుజం మీద నుంచి చూస్తున్నాను. మూడు సన్నటి కాళ్లు. వాటి చుట్టూ పచ్చటి చిలుము, దాని మీద ఎండి గట్టిపడిన పసుపు.

మామ ఆ ప్లగ్గును ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. వెంటనే గుప్పిట మూశాడు.

ఈయన నోటి సంగతి నాకు తెలుసు. రవికలు ఆరేసిన మాట నలుగురిలో అన్న మనిషి. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చెబితే, అమ్మ మళ్లీ జన్మలో ఆ కుంకుమ భరిణె ముట్టుకోదు. కారు ఆ సాయంత్రమే అమ్ముడుపోతుంది. చిన్నాయన ముందుకు వచ్చాడు. "ఏందప్పా అది, పసుపచ్చగుంది?"

మామ తల ఎత్తకుండానే, "ఎలక" అన్నాడు.

"ఏందీ?"

"ఎలకప్పా. ఉచ్చ పోసింది. ఇగో సూడు, ఎట్ల పచ్చగైపోయిందో. ఎలక ఉచ్చ పడిందంటే వైరు గియిరు ఏదీ మిగలదు. మీ ఇంట్లో విత్తనాలు ఉండాయా లేదా?"

"ఉండాయి."

"ఇంగేం మరి. గింజలుండే కాడ ఎలకలు ఉండవా? బండికి ఏం దోసం లేదు, ఎవురి చేతికీ దోసం లేదు. పొయ్యి ఒగ బోను తెచ్చి పెట్టు."

అమ్మ కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. చిన్నాయన ఛీ ఛీ అంటూ రెండడుగులు వెనక్కి వేశాడు. మామ జేబులోంచి పెన్సిలు రబ్బరు తీసి ఆ మూడు కాళ్లనూ రుద్దడం మొదలుపెట్టాడు. ఎప్పటికంటే ఎక్కువసేపు రుద్దాడు. పెట్రోలు గుడ్డతో తుడిచాడు, డబ్బాలో వెతికి సరిపోయే రబ్బరు చుట్టు వేశాడు, ప్లగ్గు కదలకుండా కట్టాడు. తర్వాత నన్ను నడపమన్నాడు. అమ్మను ముందు సీటులో కూర్చోమని తాను చిన్నాయన పక్కన వెనక కూర్చున్నాడు. తన కస్టమరు కారులో ఆయన వెనక సీటులో కూర్చోవడం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు. చాలా దూరం పోయాక, "అమ్మా, మోకాళ్లు చల్లబడినాయా?" అని అడిగాడు. అమ్మ తల ఊపింది.

తిరిగొచ్చాక, చిన్నాయన టీకి పోయినప్పుడు, నన్ను షెడ్డు వెనక్కి పిలిచాడు. "పాపా, అది ఏందో నీకు తెల్సు గదా. అమ్మకు చెప్పాకు. ఏడాదికి ఒగనాడే గదా ఆ యమ్మ చేతికి కుంకుమ అంటేది. బొట్టు పెట్టొద్దంటే ఎట్లా? మీ చిన్నాయన ముందర నేను ఆ మాట అనలేను" అన్నాడు. బండి దగ్గర అబద్ధం ఆడకూడదని చెప్పిన మనిషి, నా కళ్లలోకి చూడలేక, చేతిలో ఉన్న రబ్బరు ముక్కను చూస్తూ చెప్పాడు. నేను తల ఊపి కారు దగ్గరికి వచ్చేశాను. నోరు తెరిస్తే ఏడ్చేసేదాన్ని.

కారు అమ్మలేదు. చిన్నాయన బోను తెచ్చి కారు షెడ్డులో పెట్టాడు. అందులో ఎండుచేప ముక్క గుచ్చి, రోజూ పొద్దున్నే వచ్చి చూసేవాడు. అడపాదడపా ఒక ఎలక పడేది కూడా. అప్పుడు ఆయన ఆనందం చూడాలి. "ఇదే, ఇదే పోసింటాది" అని వీధంతా చూపించి వచ్చేవాడు. పోయేదాకా ఆయనకు ఎలక మీద పగ తగ్గలేదు. చేయని నేరానికి మా ఇంటి ఎలకలు అలా చాలా ఏళ్లు శిక్ష అనుభవించాయి.

ఆ ఏడు దసరాకు, పూజ ముందు రోజు సాయంత్రం మామ బస్సు దిగి మా ఇంటికి వచ్చాడు. "ఊరికే, బండి సూసిపోదామని" అన్నాడు. బానెట్ ఎత్తమన్నాడు. అంగట్లో మేం రైతులకు శాంపిలు గింజలు వేసి ఇచ్చే చిన్న ప్లాస్టిక్ కవర్లు ఉంటాయి. ఒకటి అడిగి తీసుకుని, ఆ సెన్సారుకు టోపీ మీద టోపీలా తొడిగి, కింద రబ్బరు బ్యాండు వేశాడు. "ఎలకల కోసమమ్మా" అన్నాడు. "దీని మీద ఎంత కావాలంటే అంత పెట్టుకో బొట్టు. పూజ అయినాక పాప తీసేస్తాదిలే." మర్నాడు అమ్మ ఆ కవరు మీదే పసుపు మెత్తి, కుంకుమ పెట్టింది.

అలా ప్రతి ఏడూ వచ్చాడు. రెండు వేల సంవత్సరం దాటాక నంద్యాలలో ఏసీ కార్లు పెరిగి, ఆయన షెడ్డు ముందు బండ్లు వరసగా నిలబడేవి. అయినా ఆ సాయంత్రం షెడ్డు మూసి బస్సెక్కేవాడు. ఒక ఏడు దసరా రంజాను నెలలో పడింది. ఆయన రోజా ఉండి, ఎండలో వచ్చి, మంచినీళ్లు కూడా ముట్టకుండా బానెట్ మీదకు వంగాడు. కవరు తొడగడం ఎంత పని, కాసేపట్లో అయిపోయింది. అమ్మ ఆయన్ని పోనివ్వలేదు. అరుగు మీద చాప వేసి, అరటిపండ్లు, చెంబుతో నీళ్లు ముందు పెట్టుకుని ఇద్దరూ మసీదు వైపు చెవి పెట్టి కూర్చున్నారు. అజాను వినపడగానే అమ్మే ముందు, "పిలిచినారన్నా, తాగు" అంది.

నాయన కారు ముసలిదై పోయింది. దాని స్థానంలో కొత్తది వచ్చింది. కొత్త కార్లలో ఆ ప్లగ్గులు గట్టిగా మూసి ఉంటాయి, పసుపు కాదు కదా గాలి కూడా దూరదు. ఆ సంగతి మామకే బాగా తెలుసు. నేను ఒకసారి అన్నాను కూడా, ఇప్పుడు అక్కర్లేదు కదా మామా అని. "నోరు మూసుకుని కవరు తెచ్చీ" అన్నాడు. తర్వాత్తర్వాత చూపు మందగించింది, చేతులు వణికేవి. రబ్బరు బ్యాండు నేను వేస్తుంటే పక్కన నిలబడి, "ఇంగొక సుట్టు తిప్పు" అని పెత్తనం చేసేవాడు. అంగట్లో కొత్తగా చేరినవాళ్లకు ఇదేమీ అర్థమయ్యేది కాదు. మా కుటుంబానికి ఏదో మొక్కు ఉందనుకునేవాళ్లు.

కబురు తెలిసిన రోజు నంద్యాల పోయి వచ్చాం. ఆయన భార్య పక్కన అమ్మ నేల మీద కూర్చుని, ఆమె చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. షెడ్డు తలుపు మూసి ఉంది. మిల్లు మాత్రం తిరుగుతోంది.

ఈ దసరాకు నేను కారు కడిగి పెట్టాను. అమ్మ ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తుంది. ఒక చేతిలో పసుపు గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. రెండో చెయ్యి తెరిచి చూపించింది. అందులో శాంపిలు కవరు ఒకటి, రబ్బరు బ్యాండు ఒకటి ఉన్నాయి.

"అన్న కట్టేది యాడ పాపా? నాకు కండ్లు సరిగా కనపడవు, చెయ్యి పట్టి చూపియ్యి."

"ఈ కారుకు అది అవసరం లేదమ్మా. ఎలకలు లోపలికి పోలేవు" అన్నాను.

అమ్మ నన్ను చూసి నవ్వింది. "ఎలక ఉచ్చకు పసుపు వాసన వస్తాదా పాపా?"

ఆ షెడ్డులో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్న అమ్మ కళ్ల ముందు కనిపించింది. కంపుకు కాదు. ముఖం దాచుకోవడానికి. తాను కొమ్ములు దంచి, జల్లించి చేసుకున్న పసుపు ఆమెకు తెలియదా? ఇన్నేళ్లూ ఆమెకు తెలియదని మామ, నేను కలిసి ఎంత జాగ్రత్తపడ్డామో తలుచుకుంటే సిగ్గేసింది.

"మరి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదేమ్మా?"

"అబద్దం ఆడే అలవాటు లేని మనిషి నా కోసం ఒగటి ఆడినాడు. నాకు తెల్సని చెప్పి దాన్ని చెడగొట్టాల్నా?"

అమ్మ చెయ్యి పట్టుకుని ఆ చోటు చూపించాను. తడుముకుంటూ కవరు తొడిగింది. రబ్బరు బ్యాండు రెండు చుట్లు తిప్పి, ఆగి, ఇంకొక చుట్టు తిప్పింది. ప్లాస్టిక్ మీద పసుపు నిలవక జారింది. మళ్లీ మెత్తింది. కుంకుమ మిగతా అన్నిటికంటే పెద్దగా పెట్టింది.

చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాక అమ్మను ముందు సీటులో కూర్చోబెట్టుకుని ఊరి బయటిదాకా తీసుకుపోయాను. ఏసీ వేయమంది. అంత ఎండేమీ లేదు. అయినా వేశాను. గాలి వచ్చే చోట అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే పెట్టుకుంది. వేలికి ఇంకా కుంకుమ ఉంది. నంద్యాల రోడ్డు ఎక్కి చాలా దూరం పోయాక చేతులు రెండూ మోకాళ్ల మీద వేసుకుని, "ఆ, సల్లబడినాయి. తిప్పు పాపా" అంది.